మడ్డి ఉంటే వైట్ వైన్ పాడైనట్టా?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరు నుంచి వస్తూ ఒక వైట్ వైన్ సీసా తెచ్చాడు. నాసిక్ ద్రాక్షతో చేసిందట, షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్ష రకమని రాసుంది, ధర కూడా తక్కువే. ఈస్ట్ వేయలేదు, వడకట్టలేదు అని లేబుల్ మీద ఉంది. చూస్తే మసకగా ఉంది, అడుగున మడ్డి. ఒక గుక్క తాగితే పుల్లగా, నాలుక మీద చురుక్కుమంది. పాడైందని పారబోయాలా? ఏమీ కలపలేదు కాబట్టి ఒంటికి మంచిదేనంటాడు వాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పారబోయకండి, ముందు వాసన చూడండి. వెనిగర్ వాసనో, గోళ్లరంగు వాసనో గుప్పుమంటే పాడైనట్టే. నిమ్మకాయ, పచ్చి ఆపిల్ లాంటి వాసన వస్తుంటే బాగున్నట్టే.

ఈత కల్లు సంగతి మీకు తెలిసిందే కదా, చెట్టు నుంచి దించాక ఎవరూ ఏమీ వేయరు, అయినా పొద్దెక్కేకొద్దీ దానంతటదే పులుస్తుంది, ఎందుకంటే గాలిలో, కుండలో ఉన్న ఈస్టే ఆ పని చేస్తుంది. ఈ వైన్ కూడా అంతే. ద్రాక్ష పిండి, తొక్క తీసేసి, రసాన్ని వదిలేస్తే తోటలోంచి, తయారుచేసే చోటు నుంచి వచ్చిన ఈస్టే చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. మామూలుగా అయితే ప్యాకెట్ ఈస్ట్ వేస్తారు, బెంటొనైట్ అనే మట్టితో తేరుస్తారు, వడకడతారు. ఇక్కడ అవేవీ లేవు కాబట్టి చనిపోయిన ఈస్ట్ అడుగున మడ్డిగా దిగింది. ఫ్రాన్స్‌లో లువార్ నది చివర, నాంత్ దగ్గర చేసే మస్కడే వైన్‌ను చలికాలమంతా కావాలనే ఆ మడ్డి మీదే ఉంచుతారు, రుచికి నిండుదనం వస్తుందని. చురుక్కుమన్నది పులిసేటప్పుడు పుట్టి మిగిలిపోయిన కార్బన్ డయాక్సైడ్. సన్నటి గాజు పలుకుల్లాంటివి కనిపించినా భయం వద్దు, అవి టార్టారిక్ ఆమ్లం నుంచి ఏర్పడే లవణం, మన చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లానిదే.

పులుపు కోసం కాయను మరీ పండనివ్వకుండా కోస్తారు. ఓక్ పీపాల ఖర్చు లేకుండా స్టీల్ ట్యాంకులో చేసి, త్వరగా అమ్మేస్తే ధర తగ్గుతుంది. ఏమీ వేయరంటే పని తక్కువని కాదండీ, రసాయనాలు వేసి సరిదిద్దే దారి లేనప్పుడు కాయ దగ్గర్నుంచి ట్యాంకు దాకా శుభ్రత విషయంలో ప్రాణం పెట్టాలి. నాకు ఈ వైన్లంటే గౌరవం అందుకే.

ఒంటికి మంచిదన్న మాట మాత్రం ఒప్పుకోను. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే సుమారు 14 గ్రాముల ఆల్కహాల్ లోపలికి పోతుంది, ఏమీ కలపకపోయినా అంతే. మద్యంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్లు ఇందులో అసలే ఉండవనీ అనుకోవద్దు, ఈస్ట్ తనే కొంచెం తయారు చేస్తుంది, అవి కొందరికి పడవు కాబట్టి ఆస్తమా ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే డాక్టరును అడగకుండా ముట్టుకోకండి.

తాగాలనుకుంటే సీసాను ఫ్రిజ్‌లో నిలువుగా రెండు మూడు గంటలు పెట్టండి, మడ్డి కదలకుండా మెల్లగా వంచండి. తోడుగా ఉగ్గాని, బజ్జి పెట్టుకోండి, ఉగ్గాని మీద నిమ్మకాయ పిండినట్టే ఈ పులుపు పనిచేస్తుంది. మిగిలింది మూత పెట్టి మళ్లీ ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు రోజుల్లో అవగొట్టండి, ఇలాంటివి తెరిచాక ఎక్కువ రోజులు ఆగవు.