మట్టిదారి సైకిలుకు 92,000 పెట్టాలా?

ప్రశ్న: నా వయసు 27. అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 34,000 రూపాయలు వస్తాయి. గది అద్దె, భోజనాలకు 13,000 పోతాయి. ఊళ్లో అమ్మానాన్నలకు 8,000 పంపుతాను. స్కూటర్ వాయిదా 3,200, ఇంకో ఐదు నెలలు కట్టాలి. బ్యాంకులో 50,000 ఉన్నాయి. ఆదివారాలు మిత్రుడి సైకిలు తీసుకుని శింగనమల వైపు, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) గట్ల మీద తిరుగుతున్నాను. ఇలాంటి దారులకు సరిపోయే గ్రావెల్ సైకిలు 92,000 చెబుతున్నారు. వడ్డీ లేకుండా 12 వాయిదాలట. తీసుకోమంటారా?

జవాబు: సైకిలు తీసుకోండి. ఆ సైకిలు మాత్రం వద్దు, ఆ వాయిదాలు అసలే వద్దు.

మీరు రాసిన ఖర్చులన్నీ తీసేస్తే నెలకు మిగిలేది 9,800. వాయిదా 7,667 అవుతుంది. మిగిలిన రెండు వేల చిల్లరలోనే పెట్రోలు, ఫోను, బట్టలు, పండుగకు ఊరి ప్రయాణం అన్నీ సర్దుకోవాలి. రెండో నెలకే బ్యాంకులోని 50,000 మీద చేయి పడుతుంది. ఊళ్లో పెద్దవాళ్లున్నారు, మీ జీతం మీదే వాళ్ల నెల గడుస్తోంది. ఆ డబ్బు ఆసుపత్రి ఖర్చుకో, ఉద్యోగం లేని నెలకో ఉండాల్సిందే.

వడ్డీ లేదన్న మాట సంగతి చూద్దాం. మొత్తం ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారో అడిగి చూడండి. 87,000 అంటే, ఆ వదులుకున్న 5,000 రూపాయలే మీ వడ్డీ. ఏడాది లెక్కలో అది సుమారు పదిన్నర శాతం. ప్రాసెసింగ్ రుసుము వేరు. క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీ భాగానికి 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఇంకో మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ 92,000 పాత పన్నుతో వేసిన ధరే అయితే ఇప్పుడు 86,250 కావాలి. బిల్లులో పన్ను ఎంత వేశారో చూడనిదే ఏ దుకాణంలోనూ బేరం మొదలుపెట్టకండి.

ఇక సైకిలు. కాలువ గట్లు, వేరుశనగ చేల మధ్య బండ్ల బాటలు, కంకర పరిచి తారు వేయని రోడ్లు: ఇవి మీ దారులు. వీటికి ముందు ఫోర్కులో స్ప్రింగుల కంటే వెడల్పాటి టైరు ముఖ్యం. తక్కువ ధర సైకిళ్లలో వచ్చే సస్పెన్షన్ బరువును పెంచినంతగా కుదుపును తగ్గించదు. 40 మిల్లీమీటర్ల టైరులో గాలి కాస్త తగ్గించి నడిపితే గట్టు మీది గతుకులు చాలావరకు అదే మింగేస్తుంది. కాబట్టి వంపు హ్యాండిల్ గ్రావెల్ సైకిలే కావాలని లేదు. 40 మిల్లీమీటర్ల టైరు పట్టే హైబ్రిడ్ సైకిలు (రోడ్డు సైకిలుకూ మౌంటెన్ బైకుకూ మధ్య రకం) మీ పనికి చాలు. ఫ్రేముకూ టైరుకూ మధ్య రెండు వైపులా ఖాళీ ఉందో లేదో వేలు పెట్టి చూడండి, అమ్మేవారి మాట మీద వదిలేయకండి. రాళ్లగుట్టల మీద నుంచి దూకుతూ దిగాలన్న సరదా ఉంటే అప్పుడు మౌంటెన్ బైకు, అది వేరే లెక్క.

మన సీమలో అసలు శత్రువు పల్లేరు ముల్లు. ఒక్క గట్టు దాటేసరికి రెండు చక్రాల్లోనూ దిగుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంటు పోయించుకుంటే చిన్న చిల్లులు వాటంతటవే మూసుకుంటాయి. మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఆరిపోతుంది, కొన్ని నెలలకోసారి మళ్లీ పోయించాలి. ఈ ఖర్చు ధర చీటీలో కనపడదు.

పాతది కొనడానికి సంకోచించకండి. బెంగళూరు మీకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, అక్కడ వాడిన సైకిళ్లు బాగా దొరుకుతాయి. స్కేలు వెంట తీసుకెళ్లండి. కొత్త గొలుసులో 24 కీళ్లు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగితే గొలుసు మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగినట్టే, ఆ మేరకు ధర తగ్గించమనండి. పాత కార్బన్ ఫ్రేము జోలికి వెళ్లవద్దు, లోపలి పగులు బయటికి కనిపించకపోవచ్చు. ఫ్రేము సైజు మీ ఎత్తుకు తగకపోతే ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. ఒకప్పుడు నేను తగ్గింపు ధరకు ఆశపడి ఒక సైజు పెద్దది కొన్నాను. నడుం నొప్పితో పాటు సగం ధరకు అమ్ముకున్న బాధ మిగిలింది.

డబ్బు ఇలా కూడబెట్టండి. ఈ నెల నుంచి 5,000 రికరింగ్ డిపాజిట్, ఎనిమిది నెలలకు. ఐదు నెలల తర్వాత స్కూటర్ వాయిదా తీరుతుంది కదా, అప్పుడు మరో 3,000 విడిగా మూడు నెలలు. వడ్డీతో కలిపి ఇంచుమించు 50,000 అవుతుంది. అందులో సైకిలుకు 38,000 దాటకండి. మిగతాది హెల్మెట్, ముందు వెనక లైట్లు, పంపు, తాళం, సీలెంటుకు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా తప్ప మీకు వేరే పాలసీ లేకపోతే సైకిలు కంటే ముందు దాని సంగతి చూడండి.

అప్పటిదాకా మిత్రుడి సైకిలే నడపండి, తారు మీద ఎంత దూరం వెళ్లారో, మట్టి మీద ఎంత వెళ్లారో ప్రతి ఆదివారం రాసుకోండి. ఎనిమిది నెలల తర్వాత ఆ కాగితంలో తారు ఎక్కువగా తేలితే టైరు వెడల్పు కూడా తగ్గించుకోవచ్చు.