వాన వెలిశాక పావుగంట

బాబూ,

నీ వ్యాసం చేరింది. ఆదివారం రాత్రి ఒకసారి చదివాను, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. రెండోసారి కోపం వచ్చింది. ఆ కోపం ఉండగానే రాద్దామని కూర్చున్నాను. చల్లారితే నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటాను, వాటితో నీకు ఒరిగేదేమీ లేదు.

డిసెంబరు నెల. బంగాళాఖాతంలో వాయుగుండం, రెండు రోజులుగా వదలని ముసురు. నువ్వూ నీ ఆఫీసు స్నేహితులూ విశాఖ పెద్ద వాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న బయోడైవర్సిటీ పార్కుకి వెళ్ళారు. ఇంతవరకూ బాగుంది. ముసురులో తోటకి వెళ్ళాలనిపించిన వాళ్ళంటే నాకు మొదటినుంచీ ఇష్టం. లోపల ఓ పది నిమిషాలు తిరిగారు, ఫోటోలు తీసుకున్నారు, వాన పెద్దదైంది. "పరుగున బయటపడి, రోడ్డవతల బడ్డీలో అల్లం టీ తాగుతూ ఆ పచ్చదనాన్ని తలుచుకున్నాం" అని ముగించేశావు. ఎంత పని చేశావు బాబూ! అసలు తోట మొదలయ్యే వేళకి నువ్వు టీ బడ్డీ దగ్గరున్నావు.

పోనీ ఆ పది నిమిషాల్లోనైనా చూసింది రాశావా అంటే అదీ లేదు. "కొమ్మల మాటున కోయిలమ్మ కమ్మగా పాడుతోంది" అన్నావు. డిసెంబరు వానలో కోయిల పాడదు. మన దగ్గర దాని గొంతు మార్చిలో లేస్తుంది, వేసవంతా ఊరు మోగిపోతుంది, చలికాలం వచ్చేసరికి దాదాపు మూగనోము పడుతుంది. అలాగని ఎక్కడికో పోదు. రావిచెట్టులోనో మర్రిలోనో కూర్చుని, నోరు మెదపకుండా పళ్ళు తింటూ ఉంటుంది. ఆ మూగ కోయిలని నువ్వు చూసి ఉంటే! ఒళ్ళంతా నలుపు, కన్ను ఒక్కటే కుంకుమబొట్టులా ఎరుపు, చుట్టూ తడి ఆకులు. ఇంకో మాట, "కూ" అని పాడేది మగది. ఆడది గోధుమరంగు మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది. "కోయిలమ్మ" అనడం మనకి నోటికి అలవాటైపోయింది, అంతే.

తురాయి ఎర్రగా పూసిందని కూడా రాశావు. అది వేసవి చెట్టు. డిసెంబరులో దాని నిండా మూరెడు పొడుగు ఎండుకాయలు కత్తుల్లా వేలాడుతుంటాయి. వానకి నాని నల్లబడతాయి. చిన్నప్పుడు మేము వాటితోనే కత్తియుద్ధాలు చేసేవాళ్ళం. కోయిలనీ తురాయినీ నువ్వు పాటల్లోంచి తెచ్చి ఆ తోటలో పెట్టావు, అక్కడ నిజంగా ఉన్నవాటికి చోటు లేకుండా పోయింది.

నేను చెప్పేది ఒక్కటే. కొన్నేళ్ళుగా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇదే చెప్తున్నాను. వానలో తోటకి వెళ్తే వాన వెలిసేదాకా అక్కడే ఉండాలి. వెలిశాక ఇంకో పావుగంట ఉండాలి.

గట్టి వానలో పిట్టలు మెడ లోపలికి లాక్కుని, ఈకలు ఒంటికి అదుముకుని కదలకుండా కూర్చుంటాయి. ఎంత వెతికినా ఒక్కటీ కనిపించదు. అప్పుడే అందరూ "ఇంకేం ఉంది ఇక్కడ" అని లేచిపోతారు. కాసేపటికి తెరిపి ఇస్తుంది. మొదట చప్పుడు మారుతుంది. ఆకాశం నుంచి వాన ఆగుతుంది, చెట్టు కింద మాత్రం ఆగదు. గాలి వీచినప్పుడల్లా ఆకుల్లో నిలిచిన నీళ్ళు జలజలమని రాలతాయి. తోటలో వాన రెండుసార్లు కురుస్తుందనేది మా అమ్మ. నిద్రగన్నేరు కింద మాత్రం వేరు. మబ్బు కమ్మితే దాని ఆకులు ముడుచుకుపోతాయి, వాన సందుల్లోంచి తిన్నగా నేల మీదికే దిగుతుంది. ఏ చెట్టు కింద ఎంతసేపు కారుతుందో నీ ఒంటికి తెలియాలి. అది గొడుగు కింద తెలియదు.

తర్వాత పిగిలిపిట్ట వస్తుంది. కొమ్మ చివరికొచ్చి ఒళ్ళు విదిలించుకుంటుంది, తోక కింది ఎర్రటి మచ్చ అప్పుడు కనిపిస్తుంది. ఎండుకొమ్మ మీద చేపతోకలాంటి తోకతో నల్లటి ఏట్రింత కూర్చుంటుంది. గాల్లోకి లేచి పురుగుని పట్టి, మళ్ళీ అదే కొమ్మ మీదికి వస్తుంది. పచ్చికలో గోరువంకలు, కొంగలు దిగుతాయి. పొదలోంచి "టక్, టక్" అని నాలుక చప్పరించినట్టు వినిపిస్తే తొందరపడకు, అక్కడే ఆగు. పిడికెడంత మట్టిరంగు పిట్ట ఒకటి ఆకుల మధ్య తిరుగుతూ ఉంటుంది. దాన్ని బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. చూడ్డానికి ఏ అందమూ లేదు. కానీ అది చలికాలం గడపడానికి మధ్య ఆసియా నుంచి మన వాల్తేరు పొదలోకి వచ్చింది. ఆ ఒక్క చప్పుడు మీదే నువ్వు రెండు పేజీలు రాయొచ్చు.

కిందటేడు ఇలాంటి ముసురులోనే మా ఇంటి గేటు పక్క నందివర్ధనం దగ్గర నేను చూసింది చెప్తాను. వాన అప్పుడే ఆగింది. ఒక తేనెపిట్ట వచ్చి ఆకు మీద వాలింది. నీళ్ళలోకి దిగి స్నానం చేసే పిట్టలు వేరు. ఇది ఆ తడి ఆకు మీద పడుకున్నట్టు ఒరిగి, రొమ్ము రాసుకుంటూ జారింది. ఆకు వంగి నీళ్ళు ఒలికిపోగానే పక్క ఆకు మీదికి మారింది. అలా అయిదారు ఆకులు. మగదే, కానీ ఆ నీలాల మెరుపు లేదు. చలికాలానికి ముందే ఆ రంగు వదిలేసి పసుపుపచ్చగా మారిపోతుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్లటి చార మిగులుతుంది. స్నానం అయ్యాక కొమ్మ మీద కూర్చుని తోక మొదట్లోంచి ముక్కుతో నూనె తీసుకుని ఒక్కొక్క ఈకా దువ్వుకుంది. నేను తడి మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఫోను మోగుతోంది. లేవలేదు.

ఈ పట్టుదల నాకు పుట్టుకతో రాలేదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నైట్ డ్యూటీలు చేసేదాన్ని. తెల్లారి బస్సు కోసం ఒక పొగడచెట్టు కింద నిలబడేదాన్ని. పందొమ్మిదేళ్ళు. ఎన్ని వానలకి ఆ చెట్టు కింద ఆగానో లెక్కలేదు. రాలిన పొగడపూలు పైటకొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. ఆ ఏళ్ళలో నలభైకి పైగా కథలు రాశాను. ఒక్క కథలోనూ ఆ చెట్టు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఒమన్ వాళ్ళు పెట్టిన పేరు, నెత్తిన కుచ్చు ఉండే కూకుడుగువ్వకి అరబ్బీ పేరు అది. పిట్ట పేరుతో వచ్చి పిట్టలకి నిలువ నీడ లేకుండా చేసిపోయింది. మర్నాడు బయటికి వస్తే కొండలు కాలిపోయినట్టు గోధుమరంగులో ఉన్నాయి. పచ్చటి ఆకు ఒక్కటి లేదు. కాకులు నేల మీద నడుస్తున్నాయి. పొగడచెట్టు వేళ్ళతో సహా లేచి రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. దాని కింది కొమ్మ ఏ వైపుకి ఉండేదో గుర్తు చేసుకుందామని చూశాను. రాలేదు. పందొమ్మిదేళ్ళూ దాని కింద నిలబడి రోడ్డు వైపే చూశాను, బస్సు వస్తోందా అని. అక్కడే నిలబడి ఏడ్చాను.

ఆ తర్వాత చెట్టు లేకుండా కథ రాయలేదు. దానికి తగ్గ ఫలితమూ అనుభవించాను. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో "నిద్రగన్నేరు" కొట్టేసి "ఒక మహావృక్షం" అని వేసుకున్నాడు. ఫోను చేసి అడిగితే "పాఠకుడికి ఏ చెట్టైతే ఏంటండీ" అన్నాడు. ఇంకొకాయన "చెట్లు తగ్గించి మనుషుల్ని పెంచండి" అని కథ తిప్పి పంపాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఈమధ్య పోటీ కథల్లో వాన వచ్చిందంటే ఎవరో చచ్చిపోవాలి, లేదా ప్రేమలో పడాలి. వాన వానగా కురవడానికి వీల్లేదు. నువ్వూ ఆ గాలికే పోతున్నావని నా భయం.

పొదల గురించి ఒక్క ముక్క రాయలేదేం? చెట్లకోసం తలెత్తి చూసినవాళ్ళు నడుమెత్తు మొక్కల్ని మర్చిపోతారు. ఈ నెల పేరే పెట్టుకుని పూసే డిసెంబరాలు ఉన్నాయి కదా. లేత ఊదారంగు, వాసన ఉండదు, అయినా మా కాలంలో మరువంతో కలిపి మాల కట్టి జడలో పెట్టుకోని ఆడపిల్ల లేదు. రేకు ఎంత పల్చనంటే వాన తగలగానే తడి కాగితంలా ఒకదానికొకటి అంటుకుపోతుంది. పారిజాతం చలికాలం మొదట్లో ఇంకా రాలుతూ ఉంటుంది, తెల్లటి రేకులు మట్టిలో కలిసిపోయినా పగడపు కాడలు మిగులుతాయి. ఏడాకుల పొన్న వాసన గురించి రాయమంటే రాయి, వద్దంటే మానెయ్యి. హుద్‌హుద్ తర్వాత ఊళ్ళో ఎక్కడ చూసినా అవే నాటారు, నాకు ఆ ఘాటు పడదు.

కలంపేరు సంగతి అడిగావు. అది తర్వాత చూద్దాం.

ఇంత కోపంలోనూ నీ కాగితాలు పక్కన పడెయ్యకపోవడానికి మూడో పేజీలో ఒక వాక్యం కారణం. "తడిసేసరికి కాకి సగమైపోయింది." ఇది నీ కళ్ళతో చూశావు. నేను చూడనిది కాదు, కానీ రాయనిది. ఈకలు అంటుకుపోయి, మెడ సన్నబడి, ఎప్పుడూ దర్జాగా తిరిగే కాకి కోడిపిల్లంత అయిపోతుంది. ఆ వాక్యం దగ్గర ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. తర్వాతి వాక్యంలోనే నువ్వు సెల్ఫీ తీసుకున్నావు.

ఈ వారం చివర్లో మళ్ళీ వాన ఉందంటున్నారు. తోట మూసే వేళ ముందే కనుక్కుని ఒక్కడివే వెళ్ళు. ఫోను సంచి అడుగున పెట్టు. తుడుచుకోడానికి తువ్వాలు తీసుకెళ్ళు, చలికాలపు తడి మంచిది కాదు. ఆ కాకి ఏ చెట్టు మీద కూర్చుందో నువ్వు రాయలేదు. అది చూసి రా. మిగతా వ్యాసం తర్వాత, ముందు ఆ చెట్టు పేరు నాకు రాసి పంపు.

ఆశీస్సులతో.