ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉన్నా చెరువు కంపు ఎందుకు?

ప్లాంటు బాగానే ఉండొచ్చు, మీ మురుగే అక్కడికి చేరడం లేదేమో. చాలాచోట్ల డ్రైనేజీని వాన నీటి నాలాలో కలిపేస్తారు, అది నేరుగా చెరువులోకి పోతుంది. ప్లాంటులో గాలి ఊది బ్యాక్టీరియాతో తినిపించే మురుగును, చెరువులో అదే బ్యాక్టీరియా చేపల ఆక్సిజన్ లాక్కుని తింటుంది. హైదరాబాద్ అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ (రోజుకు 33.9 కోట్ల లీటర్ల) ప్లాంటున్నా, దానికి చేరని మురుగు మూసీ పాలే.

1. వాన లేని రోజు పొద్దున్నే నాలా చూడండి. సబ్బు నురగ, వాసన ఉంటే మురుగే.

2. అందరూ వదిలేసేది ఇదే: మీ బిల్డింగ్ కనెక్షన్. టాయిలెట్‌లో బకెట్ నిండా వంట రంగు నీళ్లు పోసి, నాలాలో తేలుతుందేమో చూడండి. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవరినీ దింపొద్దు, విషవాయువు ఉంటుంది.

3. రంగు తేలితే ఫొటోలతో మున్సిపాలిటీలో ఫిర్యాదు చేసి, కనెక్షన్‌ను మురుగు లైనులోకి మార్పించండి.