కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి టీచర్ల అనుభవాలు నిజంగా పనికొస్తాయా?

కొత్తగా ఎస్జీటీగా (చిన్న తరగతుల టీచరుగా) చేరానని, చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కూడే కాంప్లెక్స్ మీటింగులో ఒక్కొక్కరూ లేచి "మా బడిలో ఇలా చేశాం, బ్రహ్మాండంగా వచ్చింది" అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారని, అందులో తనకు దక్కేదేముందని ఒకరు అడిగారు.

మీ విసుగు న్యాయమే. 1964-66 నాటి కొఠారి విద్యా కమిషన్ స్కూల్ కాంప్లెక్సులు పెట్టమన్నది చుట్టుపక్కల బళ్ల టీచర్లు ఒకరికొకరు ఆసరా అవుతారని. మనకేమో సగం పూట సంతకాలకే సరిపోతుంది. అయినా నాకు అక్కడే దొరికినదొకటి చెప్తాను. అది కూడా మైకు ముందు కాదు, క్యారియర్లు విప్పుకున్న చోట.

అప్పట్లో నాది తమిళనాడు సరిహద్దున నగరి వైపు ఒక పల్లె బడి. మగ్గాల ఇళ్ల పిల్లలు, ఇంట్లో అందరూ తమిళమే. రెండో తరగతి పాప ఒకతె "బడి గంట" అని రాయమంటే "పడి కంట" అని రాసేది. పదిసార్లు దిద్దించాను. పదకొండోసారీ "పడి కంట". పరధ్యానం అనుకుని రెండు మాటలు కూడా అన్నాను, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ నోట్‌బుక్ పక్క ఊరి మేడంకి చూపించి మొర పెట్టుకున్నా.

"పరధ్యానం కాదు సార్, పాప విన్నది విన్నట్టే రాసింది" అన్నారావిడ. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, ప, బ లకూ అంతే. మాట మొదట్లో వస్తే క, ప లాగా, న్, మ్ లాంటి ముక్కు సద్దు తర్వాత వస్తే గ, బ లాగా పలుకుతారు. రెండూ వేరని ఆ చెవికి తెలియాల్సిన అవసరమే ఇంతవరకు రాలేదు. "అయినా తమిళంలో పడి అంటే చదువుకో అని కదా, బడికి అంతకంటే మంచి పేరేముంది" అని నవ్వారు.

"మరి మీరేం చేశారు?" అని అడిగితే, ముందు తను బోర్లా పడిన సంగతి చెప్పారు. "గొంతు మీద చెయ్యి పెట్టుకుని ప, బ అనమన్నా. బ కి వణుకుతుంది, ప కి వణకదు అని చెప్పినా. పిల్లోళ్లు రెంటికీ వణుకుతాంది మేడం అన్నారు. నిజమే కదా, రెంటి చివరా అచ్చు ఉంది! రెండు వారాలు గంగలో కలిసినాయి. తర్వాత పెదాలు మూసే పెట్టి, తెరవకముందే లోపల సద్దు చేయమన్నా. సద్దుతో తెరుచుకుంటే బ, సద్దు లేకుండా పగిలితే ప."

ఆ రెండు వారాల మాట ఆవిడ దాచి ఉంటే, ఆ గోతిలో నేనూ పడేవాణ్ణి.

ప, బ తొందరగానే దారికొచ్చాయి. క, గ మాత్రం నన్ను ఏడిపించాయి, వాటికి పెదాల పని లేదు కదా. చివరికి తరగతిలో ఒక మూల గంప పెట్టాను, ఇంకో మూల తుమ్మ కంప. నేను ఒక పేరు అంటాను, వాళ్లు అటు పరుగెత్తాలి. మొదటిరోజు సగం మంది మధ్యలోనే ఆగిపోయి పక్కవాడి మొహం చూశారు. రాయడం ఊసెత్తకుండా వారం పాటు ఈ పరుగులే. తర్వాత ఆ మేడం తన బడిలోనూ గంప పెట్టారు.

గొప్పగా జరుగుతున్న చోటికి వెళ్లి చూడటం వల్ల లాభం లేదనను. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు నడిపే పల్లె బళ్లలో రకరకాల వయసుల పిల్లలు ఒకే గదిలో, ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు. అది చూసొచ్చి నేనూ కార్డులు కత్తిరించాను. ఏ కార్డు తర్వాత ఏది అని చెప్పే నిచ్చెన ఒకటుంటుంది, ప్రాణమంతా అందులోనే. దాన్ని వదిలేసి అట్టముక్కలు తెచ్చుకున్నా. నెల తిరక్కుండానే బీరువా ఎక్కాయి.

కాబట్టి ఈసారి చప్పట్లయ్యాక ఆ టీచర్ పక్కన కూర్చుని "ఇది ఏ పిల్లల దగ్గర పారలేదు?" అని అడగండి. ఊరికే వెళ్లకుండా మీకు అర్థం కాని నోట్‌బుక్ ఒకటి సంచిలో వేసుకెళ్లండి.

పోయిన నెల నేను తీసుకెళ్లిన కాగితంలో ఒకడు 403లోంచి 178 తీసేసి 375 అని రాశాడు. వాడికి తీసివేతే రాదని నా తీర్మానం. ప్రతి వరసలోనూ పైనుందా కిందుందా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీశాడని, ఆ లెక్కన ఒక్క అంకె కూడా తప్పలేదని కనిపెట్టింది మీలాగే కొత్తగా చేరిన ఒక తమ్ముడు.