సర్వర్‌లో మార్చినా సైట్ మారదేం?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపు కోసం ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయో, ఏ రేటు పలికిందో చూపించే వెబ్ యాప్ చేశాను. బ్రౌజర్‌లో కనిపించే ముందు భాగం రియాక్ట్, వీట్‌తో, వెనక సర్వర్ భాగం నోడ్‌తో చేశాను. టెస్టింగ్‌లో బాగానే నడిచిన డాకర్ ఇమేజ్‌నే (యాప్‌ని మొత్తంగా కట్టిన ప్యాకేజీ) లైవ్‌లో పెట్టి, ఎన్వ్ ఫైల్‌లో (సెట్టింగుల ఫైల్) ఏపీఐ అడ్రస్, అంటే యాప్ డేటా తెచ్చుకునే సర్వర్ అడ్రస్, వేరియబుల్ మార్చాను. కంటైనర్ (ఆ ఇమేజ్‌తో నడిచే యాప్) ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా సైట్ టెస్టింగ్ ఏపీఐకే వెళ్తోంది. ఆన్‌లైన్ చెల్లింపుల రేజర్‌పే కీలు కూడా ఆ ఎన్వ్ ఫైల్‌లోనే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ సర్వర్ తప్పేం లేదు. ‘వీట్ అండర్‌స్కోర్’తో (VITE_) మొదలయ్యే వేరియబుల్స్ విలువలు బిల్డ్ చేసేటప్పుడే, అంటే కోడ్‌ని బ్రౌజర్‌కి పంపే ఫైళ్లుగా తయారుచేసేటప్పుడే, జావాస్క్రిప్ట్‌లో కలిసిపోతాయి. ఆ ఫైళ్లుండే డిస్ట్ ఫోల్డర్‌లోని జావాస్క్రిప్ట్ ఫైల్ తెరిచి టెస్టింగ్ అడ్రస్ వెతకండి, అక్షరాలా కనిపిస్తుంది. శుభలేఖలు అచ్చయ్యాక ముహూర్తం మార్చితే లాభమేంటి?

లైవ్‌కి విడిగా బిల్డ్ చేయడం ఒక దారి. నాకు నచ్చేది మాత్రం ఇమేజ్ ఒక్కటే ఉంచి, అడ్రస్‌ను చిన్న కాన్ఫిగ్ జేసన్ ఫైల్‌లో పెట్టడం. కంటైనర్ లేచేటప్పుడు ఒక స్క్రిప్ట్ ఆ ఫైల్ రాయాలి, యాప్ ముందు దాన్ని చదివాకే తెరుచుకోవాలి. టెస్ట్ చేసిన సరుకే లైవ్‌కి వెళ్తుంది. ఆ ఫైల్‌ని బ్రౌజర్ క్యాష్ చేయకుండా (పాత కాపీ దాచుకుని వాడకుండా) చూడండి, లేదంటే మళ్లీ ఇదే తలనొప్పి.

నోడ్ వైపు విలువలు నడిచేటప్పుడే చదువుతుంది. కానీ డాకర్‌లో ఉత్త రీస్టార్ట్‌తో కొత్త విలువలు రావు, కంటైనర్‌ని మళ్లీ సృష్టించాలి. డాకర్ కంపోజ్ (కంటైనర్లను ఒకే ఫైల్‌తో నడిపే పరికరం) వాడుతుంటే ‘అప్’ కమాండ్ ఇస్తే చాలు.

ఇక కీల సంగతి. రేజర్‌పే కీకి రెండు భాగాలు: కీ ఐడీ, సీక్రెట్. కీ ఐడీ బ్రౌజర్‌లో కనిపించినా ఫర్వాలేదు. సీక్రెట్‌కి ‘వీట్’ ముందుమాట తగిలించి కోడ్‌లో వాడి ఉంటే మాత్రం అది ఇప్పటికే బజారున పడినట్టే. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి ఎక్కించినా అంతే. ఫైల్ తీసేసినా పాత కమిట్లలో (దాచిన పాత రూపాల్లో) ఉంటుంది. ఈ రోజే కొత్త కీ తీసుకుని, పాతది రద్దు చేసి, సీక్రెట్‌ని నోడ్ వైపే ఉంచండి. కీ ఐడీలోనే టెస్టో లైవో రాసి ఉంటుంది కాబట్టి, లైవ్ సర్వర్‌లో టెస్ట్ కీ కనబడితే యాప్ మొదలవకుండా ఆగిపోయేలా ఒక చెక్ రాయండి.

అన్నట్టు, వేరియబుల్ విలువ ఏదైనా నోడ్‌కి అది అక్షరాల వరుసే. టెస్టింగ్‌లో ఎస్ఎంఎస్‌లు ఆపుదామని ‘ఫాల్స్’ అని రాసి నేరుగా ఇఫ్ షరతులో పెడితే, అది ఖాళీ కాదు గనుక నిజం కిందే లెక్క. అర్ధరాత్రి రైతుల ఫోన్లు మోగుతాయి. ‘ట్రూ’ అనే మాటతో సరిపోల్చి చూడండి.