ర్యామ్ కొనే ముందు స్టిక్కర్ చదవమ్మా

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ సిస్టమ్‌లో ప్రాసెసర్ ఐ5-8400, మదర్‌బోర్డు హెచ్310, ర్యామ్ 8జీబీ స్టిక్ ఒక్కటేనని, షాపులో 3200 స్పీడుది వేయించుకోమన్నారని రాశావు. అడ్వాన్సు ఇచ్చేయకు, ముందు ఇది చదువు.

స్టిక్ మీద వేసిన నంబరు దాని గరిష్ఠ వేగం. నీ దగ్గర అది ఎంతలో నడవాలో తేల్చేవి ప్రాసెసర్, బోర్డు, పక్క స్లాట్‌లోని స్టిక్. వీటిలో ఏది నెమ్మదిదైతే అన్నీ దాని దగ్గరికే దిగుతాయి. నీ ప్రాసెసర్‌కూ బోర్డుకూ హద్దు 2666. 3200 పెడితే ఏమీ పాడవదు, 2666 మాత్రం దాటదు. రెండూ ఒకే ధరైతే 3200 తీసుకో, ఎక్కువ మాత్రం పెట్టకు. పైగా సీఎల్ అంటే డేటా అడిగాక అది వచ్చేలోపు గడిచే క్లాక్ టిక్కుల లెక్క; 2666 సీఎల్19కి ఆ ఆలస్యం 14.25 నానోసెకన్లు, 3200 సీఎల్22కి 13.75. ఆ అర నానోసెకను నీ పనిలో కనబడేది కాదు.

పాత స్టిక్ బయటికి తీసి స్టిక్కర్ ఫొటో తీసుకో. "8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-2400టీ-యూఏ2" లాంటి వరుస ఉంటుంది. పీసీ4 అంటే డీడీఆర్4, అంటే ర్యామ్‌లో నాలుగో తరం. 2400 దాని వేగం. కొన్ని కంపెనీలు ఇదే వేగాన్ని పీసీ4-19200 అని రాస్తాయి, కంగారుపడకు: 2400ని 8 బైట్లతో గుణిస్తే వచ్చే, సెకనుకు ఇన్ని మెగాబైట్లనే లెక్క అది. చివరి గీత తర్వాతి అక్షరాన్ని మాత్రం జాగ్రత్తగా చూడు. యూ ఉంటే మామూలు డెస్క్‌టాప్‌ది, ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ ఉంటే సర్వర్‌ది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే 16జీబీ స్టిక్‌లలో ఈ ఆర్ రకం చాలా ఉంటుంది. స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం లేవదు.

నీకు అసలు లాభం రెండో స్టిక్‌తోనే. ఒక్కటుంటే సింగిల్ ఛానల్, అంటే డేటాకు ఒకటే దారి; పాతది 2400దైతే సెకనుకు 19.2 జీబీ. అదే సైజుది ఇంకొకటి పెడితే డ్యూయల్ ఛానల్, రెండు దారులు, 38.4. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని నీ సిస్టమ్‌లో ఇది బాగా తెలుస్తుంది, ఎందుకంటే గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 8జీబీ, 1.2 వోల్టుల మామూలు స్టిక్ అడుగు. 1.35 వోల్టుల గేమింగ్ కిట్ వద్దు: అట్టపెట్టె మీది వేగం బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) ఎక్స్‌ఎంపీ అనే వేగం పెంచే సెట్టింగు ఆన్ చేస్తేనే వస్తుంది, నీ బోర్డు అంత వేగం ఇవ్వదు కూడా.

పెట్టేటప్పుడు వైరు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో. కేస్ ఇనుము ఒకసారి ముట్టుకుని అప్పుడు స్టిక్ అంచులు పట్టుకో. గాడి సరిచూసి రెండు చివరలా సమంగా నొక్కితే టక్‌మని క్లిప్ పడుతుంది. గాడి కలవకపోతే అది డీడీఆర్3 లేదా 5 అయ్యుంటుంది, బలవంతం చేయకు.

డిస్‌ప్లే రాకపోతే పదింట తొమ్మిదిసార్లు స్టిక్ పూర్తిగా దిగలేదనే అర్థం. రెండూ తీసి ఒక్కొక్కటే పెట్టి చూడు. వచ్చాక, పాతది 2400దై, సిస్టమ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 1200 కనిపిస్తే సగమే నడుస్తోందని షాపుకు పరుగెత్తకు. అది క్లాక్, ఒక్కో క్లాక్‌కు రెండుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి 2400 సరిగ్గానే ఉన్నట్టు.

ఆ రాత్రి పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ను నాలుగు పాస్‌లు (పూర్తి చుట్లు) నడిపించు. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్‌లు విడివిడిగా పరీక్షించి, తప్పు కొత్తదానిదైతే బిల్లుతో సహా వెనక్కిచ్చేయ్.

ఇట్లు,
పెదనాన్న