ఏ ఆఫీసుకి వెళ్లినా ఇంకో ఆఫీసు పేరు చెబుతున్నారు

ప్రశ్న: మాది మదనపల్లె. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఐదేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో అద్దెకుంటున్నాం. పాపకి ఏడేళ్లు, బాబుకి నాలుగు. మా ఆయన తాగినా తాగకపోయినా చెయ్యి చేసుకుంటాడు. పోయిన నెల మణికట్టు వాచిపోయి ఆసుపత్రికెళ్తే, బాత్రూంలో జారిపడ్డానని చెప్పాను. మర్నాడు ధైర్యం చేసి స్టేషన్‌కి వెళ్లాను. ఆయన్ని పిలిచి మందలించి, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించి పంపేశారు. ఇంటికొచ్చాక గొంతు పట్టుకున్నాడు. మళ్లీ వెళ్తే మహిళా శిశు సంక్షేమ శాఖకి వెళ్లమన్నారు. అక్కడెవరో కోర్టుకి వెళ్లాలన్నారు. నాకు కన్నడం అంతంతమాత్రం. ఆధార్ ఇంకా మదనపల్లె అడ్రసుతోనే ఉంది. ఆయన్ని జైల్లో పెట్టించాలని లేదు, కొట్టడం ఆగితే చాలు. మాఘంలో చెల్లి పెళ్లి, అంతవరకూ ఓర్చుకోమంటోంది అమ్మ. అసలు నేను ఏ ఆఫీసుకి వెళ్లాలి?

జవాబు: అమ్మా, ఆఫీసుల సంగతి తర్వాత. ఉత్తరం మధ్యలో మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాట ఉంది: గొంతు పట్టుకున్నాడు. చెంపదెబ్బల లెక్కలో దీన్ని కలపకండి. భార్య గొంతు నొక్కినవాడి వల్ల ఆమె ప్రాణానికే ముప్పు బాగా ఎక్కువని ఈ పనిలో ఉన్న పోలీసులకీ డాక్టర్లకీ తెలుసు. పైకి మచ్చ కనపడకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగుతుంటే నొప్పిగా ఉన్నా ఇవాళే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పి, ఎం.ఎల్.సి. రాయమనండి, అంటే ఎవరో కొట్టిన దెబ్బని పోలీసు కేసుకి పనికొచ్చేలా డాక్టరు నమోదు చేసే కాగితం. ఇంకోసారి గొంతు మీదికి చెయ్యొస్తే ఏ ఆఫీసా అని ఆలోచించొద్దు, 112కి ఫోన్ చేయండి. మాఘం దాకా ఓర్చుకోమన్న మీ అమ్మగారికి ఈ గొంతు సంగతి చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం.

ఇప్పుడు మీ ప్రశ్న. 2005 గృహహింస చట్టం రాసినవాళ్లు మీలాంటి ఆడమనిషి నాలుగు గుమ్మాలు ఎక్కకూడదనే రాశారు. పోలీసు, ఆరోగ్యం, న్యాయం, సంక్షేమం, ఈ శాఖలన్నీ కలిసి పనిచేసేలా చూడటం ప్రభుత్వం బాధ్యతని అందులోనే ఉంది. వాళ్ల మధ్య తిరగాల్సింది మీరు కాదు, మీ కాగితం. దాన్ని తిప్పడానికే ప్రొటెక్షన్ ఆఫీసర్ అనే ఉద్యోగాన్ని పెట్టారు.

కర్ణాటకలో ఆ పని ఎక్కువగా సి.డి.పి.ఓ.లు, అంటే శిశు అభివృద్ధి పథకం అధికారులు చూస్తారు. పేరు కొత్తగా ఉన్నా మనిషి మీకు దూరం కాదు. అంగన్‌వాడీలన్నీ ఆ ఆఫీసు కిందే నడుస్తాయి. బాబుకి నాలుగేళ్లంటున్నారు కదా, వీధిలో ఉన్న అంగన్‌వాడీకి తీసుకెళ్లి, సి.డి.పి.ఓ. ఆఫీసు ఎక్కడని టీచర్‌ని అడగండి. పిల్లాడితో అంగన్‌వాడీకి వెళ్తే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, అది కూడా ఆలోచించే చెబుతున్నాను.

అక్కడ డి.ఐ.ఆర్. అని ఒక ఫారం నింపుతారు, అంటే ఇంట్లో జరిగిన హింస మీద రిపోర్టు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొట్టారు అని అడుగుతారు. కొట్టడమే కాదు, బూతులు, అవమానాలు, ఇంటి ఖర్చుకి డబ్బివ్వకపోవడం, పుట్టింటివాళ్లు పెట్టిన నగలు లాక్కోవడం, అన్నిటికీ అందులో చోటుంది. ఆఫీసర్ ఎదురుగా కూర్చుంటే తేదీలు గుర్తుకు రావు, ఏడుపే వస్తుంది. పాప రఫ్ నోటు వెనక పేజీలోనైనా సరే ముందే తెలుగులో రాసి పెట్టుకోండి. కన్నడం రాదని జంకొద్దు, కె.ఆర్.పురం వైపు తెలుగు తెలిసిన మనిషి దొరకని ఆఫీసు అరుదు.

ఫారం నింపాక దాన్ని మేజిస్ట్రేటుకి పంపి, ఒక కాపీ మీ ఏరియా స్టేషన్‌కి పంపాల్సింది ఆ ఆఫీసరే. కోర్టు నోటీసు మీ ఆయనకి చేర్చే బాధ్యతా వాళ్లదే. మామూలుగా మీ దరఖాస్తు కోర్టుకి అందిన మూడు రోజుల్లోపు మొదటి వాయిదా వేయాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నిజం చెప్పాలంటే ఇంకా ఎక్కువే పడుతుంది. కాబట్టి మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు రక్షణగా ఉండే ఉత్తర్వు అడగండి. అది వచ్చాక దాని కాపీ మళ్లీ స్టేషన్‌కి వెళ్తుంది. అప్పుడు మీరు ఫోన్ చేస్తే అది మొగుడూ పెళ్లాల గొడవ కాదు, కోర్టు ఉత్తర్వు మీరడం. దానికి ఏడాది దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఆయన్ని జైల్లో పెట్టించాలని లేదన్నారు. ఈ దారి మీరు కోరినటువంటిదే. కొట్టొద్దని ఉత్తర్వు, అద్దెదైనా సరే ఆ ఇంట్లోంచి మిమ్మల్ని గెంటకుండా ఉత్తర్వు, మీకూ పిల్లలకీ ఖర్చులు, ఇవన్నీ అరెస్టు లేకుండానే అడగొచ్చు. ఉత్తర్వుని తోసేస్తేనే జైలు మాట వస్తుంది. అయితే గొంతు పట్టుకున్నందుకు క్రిమినల్ కేసు పెట్టే హక్కు మీకు విడిగా ఉంది. పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దని మాత్రం నేను చెప్పను.

ఆధార్ అడ్రసు గురించి బెంగ వద్దు. మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటైనా ఈ దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయరు ఖర్చూ లేదు. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. ఇంట్లోంచి బయటపడాల్సి వస్తే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. హింసకి గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి సెంటర్‌లో పిల్లలతో సహా ఐదు రోజుల దాకా ఉండనిస్తారు.

కాగితం మీద ఇంత బాగున్నది మీ దగ్గరికొచ్చేసరికి ఎందుకు తెగింది? ప్రొటెక్షన్ ఆఫీసర్ గురించీ ఉచిత లాయరు గురించీ చెప్పాల్సిన బాధ్యత పోలీసులకి ఉంది. సంక్షేమ శాఖ పేరు చెప్పడం వరకూ వాళ్ల తప్పు లేదు. అంతటితో చేతులు దులుపుకోవడం తప్పు. కోర్టుకెళ్లమన్నవాళ్లు ఫారమే మీ ముందు పెట్టకపోవడం అంతకంటే పెద్ద తప్పు. సి.డి.పి.ఓ.కి పోషకాహారం లెక్కలూ, అంగన్‌వాడీ తనిఖీలూ, సర్వేలూ ఉండగా ఇది అదనపు పని. తాలూకా స్థాయి దాకా ఈ ఆఫీసర్లని గుర్తించి నియమించమని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

కాబట్టి శాఖలు కలిసి పనిచేస్తాయని వాళ్ల మీదే వదిలేయొద్దు. ఎక్కడ ఏది ఇచ్చినా తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఎం.ఎల్.సి. నంబరు, డి.ఐ.ఆర్. కాపీ, ఉత్తర్వు కాపీ ఫోటోలు తీసి మీ చెల్లికి పంపి, మీ ఫోన్‌లోంచి తీసేయండి. ఒరిజినల్స్ ఇంట్లో వద్దు, మీరు నమ్మే పక్కింటావిడ దగ్గర పెట్టండి. మళ్లీ 'అక్కడికెళ్లండి' అంటే, 'ఆ మాటే రాసివ్వండి సార్' అనండి. ఈ ఒక్క మాటకి చాలామంది కుర్చీలో సర్దుకుని కూర్చోవడం నేను చూశాను.

బాత్రూంలో జారిపడ్డానని రాయించిన ఆ పాత చీటీ కూడా పారేయకండి. కారణం అబద్ధమైనా, అందులోని తేదీ, మణికట్టు వాపు నిజమే. ఎందుకలా చెప్పారో డి.ఐ.ఆర్. రాసేటప్పుడు చెప్పండి.

చెల్లి పెళ్లికి తప్పకుండా వెళ్లండి. ఫారం మాత్రం పెళ్లి తర్వాత అనుకోకండి, ఈ వారమే నింపండి. పత్రికలు పంచడానికి మీ అమ్మగారు ఎలాగూ బెంగళూరు వస్తారు కదా, సి.డి.పి.ఓ. ఆఫీసుకి ఆవిణ్ణి తోడు తీసుకెళ్లండి. కుదరకపోతే ఒక్కరే వెళ్లండి, ఆవిడ కోసం ఆగొద్దు.